బ్యాష్ స్క్రిప్ట్‌ను చంపినా అందులోని ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎందుకు ఆగట్లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పైథాన్ నుంచి బ్యాష్ స్క్రిప్ట్ నడుపుతున్నారు, టైమ్ దాటితే కిల్ చేస్తున్నారు, బ్యాష్ పోతోంది కానీ అది మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియోలు మార్చే ప్రోగ్రామ్) మాత్రం సీపీయూ తింటూ కూర్చుంటోంది. అదే టెర్మినల్లో కంట్రోల్-సి కొడితే మాత్రం రెండూ పోతున్నాయి.

ఇందులో వింతేమీ లేదు. కిల్ అనేది మీరు ఇచ్చిన ఒక్క పిఐడికే (ప్రాసెస్ నంబర్‌కే) సిగ్నల్ పంపుతుంది. పేరెంట్ పోయినంత మాత్రాన చైల్డ్ పోవాలన్న రూల్ యూనిక్స్‌లో లేదు, అనాథ అయిన ప్రాసెస్‌ను మామూలుగా పిఐడి 1 దత్తత తీసుకుంటుంది, అంతే. కంట్రోల్-సి దారి వేరు. దాన్ని టెర్మినల్ డ్రైవర్ అందుకుని ఫోర్‌గ్రౌండ్ ప్రాసెస్ గ్రూప్ (టెర్మినల్లో ఇప్పుడు ముందు నడుస్తున్న ప్రాసెస్‌ల గుంపు) మొత్తానికి సిగింట్ అనే ఆపే సిగ్నల్ పంపుతుంది. అందుకే టెర్మినల్లో టెస్ట్ చేసి "పని చేస్తోంది" అనుకుని సర్వర్‌లో పెట్టాక ఇరుక్కుంటాం. నేనూ అలాగే ఇరుక్కున్నాను.

గ్రూప్ మొత్తానికి మీరే సిగ్నల్ పంపాలంటే కిల్‌కి ఇచ్చే నంబర్ ముందు మైనస్ పెట్టాలి, పైథాన్‌లో అయితే కిల్‌పిజి ఉంది. ఇది తెలియగానే నేను సంబరపడిపోయి, చైల్డ్ పిఐడి ఏ గ్రూప్‌లో ఉందో అడిగి ఆ గ్రూప్‌కి సిగ్‌కిల్ (ప్రాసెస్ తప్పించుకోలేని, వెంటనే చంపే సిగ్నల్) కొట్టాను. నా పైథాన్ ప్రోగ్రామే చచ్చిపోయింది! లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, ఎందుకంటే సిగ్‌కిల్ వచ్చాక లాగ్ రాసే అవకాశమే ఉండదు. దాదాపు పూట మొత్తం పోయాక, పీఎస్‌లో (ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండ్) పిజిఐడి (గ్రూప్ నంబర్) కాలమ్ కూడా వచ్చేలా పెట్టి చూస్తే విషయం తెలిసింది: పైథాన్ 4310, బ్యాష్ 4312, ఎఫ్ఎఫ్ఎంపెగ్ 4313, కానీ ముగ్గురి పిజిఐడీ 4310. ఫోర్క్‌లో (ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని పుట్టించేటప్పుడు) చైల్డ్ పేరెంట్ గ్రూప్‌లోనే పుడుతుంది, ఎవరో ఒకరు పనిగట్టుకుని విడదీస్తే తప్ప. మనం ప్రాంప్ట్‌లో కమాండ్ కొడితే షెల్ ఒక్కో జాబ్‌కి ఒక్కో గ్రూప్ పెడుతుంది కానీ, స్క్రిప్ట్ లోపల అలా చేయదు (సెట్ -ఎమ్ పెడితే చేస్తుంది).

కాబట్టి గ్రూప్‌ను ప్రాసెస్ పుట్టేటప్పుడే విడదీయాలి. పోపెన్‌కి (పైథాన్‌లో ప్రాసెస్ మొదలుపెట్టేది) స్టార్ట్_న్యూ_సెషన్=ట్రూ ఇవ్వండి, అప్పుడు బ్యాష్ కొత్త సెషన్‌కీ (గ్రూపులను కలిపి ఉంచే పెద్ద గుంపు) కొత్త గ్రూప్‌కీ లీడర్ అవుతుంది, దాని పిఐడే పిజిఐడి. పైథాన్ 3.11 నుంచి ప్రాసెస్_గ్రూప్=0 కూడా ఉంది, సెషన్ మార్చకుండా గ్రూప్ మాత్రమే మారుస్తుంది. ఆ పిఐడిని మొదట్లోనే ఒక వేరియబుల్‌లో దాచుకోండి. తర్వాత గెట్‌పిజిఐడితో అడుగుదాంలే అనుకుంటే, బ్యాష్ అప్పటికే పోయి, దాని ముగింపును పైథాన్ వెయిట్‌తో అందుకోవడం కూడా అయిపోయి ఉంటే ఎర్రర్ వస్తుంది. గ్రూప్‌లో ఒక్కరు మిగిలి ఉన్నా ఆ నంబర్‌ను కెర్నెల్ కొత్త ప్రాసెస్‌కి ఇవ్వదు కాబట్టి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ బతికున్నంతకాలం మీరు దాచుకున్న నంబర్ దాని గ్రూప్‌దే.

ముందు సిగ్‌టర్మ్ (మర్యాదగా ఆగమనే సిగ్నల్) పంపి, కొన్ని సెకన్లు ఆగి, అప్పటికీ ఉంటేనే సిగ్‌కిల్. నేరుగా 9 (సిగ్‌కిల్ నంబర్) కొట్టే అలవాటు నాకు నచ్చదు, సగం రాసిన ఫైళ్లు మిగిలిపోతాయి.

అయితే దీనితో కొత్త తలనొప్పి ఒకటి వస్తుంది. విడదీశాక మీ పైథాన్ దగ్గర కంట్రోల్-సి కొడితే అది బ్యాష్‌కి చేరదు, అంటే కీబోర్డ్‌ఇంటరప్ట్ (కంట్రోల్-సికి పైథాన్ లేపే ఎక్సెప్షన్) పట్టుకుని కిల్‌పిజి మీరే పిలవాలి. నేను ఫైనల్లీ బ్లాక్‌లో పెట్టేశాను. ఇంకోటి, స్క్రిప్ట్ లోపల ఎవరైనా సెట్‌సిడ్ (కొత్త సెషన్ మొదలుపెట్టేది) వాడితే ఆ ప్రాసెస్ మీ గ్రూప్ నుంచి తప్పించుకుంటుంది. లైనక్స్‌లో అలాంటివాటిని కూడా పట్టాలంటే సీగ్రూప్ (ప్రాసెస్‌లను కెర్నెల్ ఒక గుంపుగా పట్టి ఉంచే ఏర్పాటు) కావాలి. మీ ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డి (లైనక్స్‌లో సర్వీసులను నడిపేది) సర్వీస్‌గా నడిపితే స్టాప్ కొట్టగానే సీగ్రూప్‌లో ఉన్నవన్నీ పోతాయి, డిఫాల్ట్ అదే.