అల్లుడూ, బండికి ఎల్ఈడీ ఇండికేటర్లు పెట్టే ముందు ఇది సదువు

అల్లుడూ,

నిన్న ఫోన్ల అన్నవ్ కదా, పికప్ వెనకాల పైకి రెండు ఎల్ఈడీ ఇండికేటర్లు పెడ్త మామా, వైర్లు నేనే గుంజుకుంట అని. నువ్వేమో లోడ్ మీద ఉన్నవ్, నేను చెప్పింది సగం ఇన్నవో లేదో, అందుకే కూసొని రాస్తున్న, బండి కాడ పెట్టుకొని సదువుకో.

నేను దీని గురించి ఇంత గనం ఎందుకు చెప్తున్ననో మీ అమ్మకు తెల్సు. మిర్చి బస్తాలేసుకొని ఎనుమాముల మార్కెట్‌కు పోతున్న, తెల్లారక ముందు, టార్పాలిన్ కొస జారి వెనక లైట్ల మీద పడ్డది నాకు తెల్వదు. ముందల మీటర్ల పచ్చ బాణం టక్ టక్ కొడ్తనే ఉంది, నేను కుడికి తిప్పిన, వెనక బైక్ మీద పిల్లగాడు ఓవర్‌టేక్‌కు రానే వచ్చిండు. కాలు విరిగింది. ఎంజీఎం దవాఖానకు నేనే తీస్కపోయిన. ఇండికేటర్ ఎయ్యక కాదు, ఏసిన, ఆ పిల్లగానికి కనవడలే. ఆ రోజు సంది ఏ బండి ఎక్కినా ముందు వెనకకు పోయి లైట్లు సూసుకుంట.

అందుకే నువ్వు పైకి పెడ్తనన్నది మంచి పని. కంపెనీ లైట్లు కింద చాసిస్ కాడ ఉంటయ్, పత్తి బోరాలో గడ్డో ఏస్తే లోడు బయటికి వచ్చి కప్పేస్తది, వెనక తలుపు కిందికి దించినా కొన్ని బండ్లకు అంతే. బాడీ మూలల నిలువు పైపులు ఉన్నయ్ గదా, వాటి బయటి మొఖానికి పెట్టు, టార్పాలిన్ తాడు పోయే దారిల వద్దు. రంగు ముదురు పసుపే తీస్కో, 1989 మోటార్ వెహికల్ రూల్స్‌ల 102 రూల్ అదే చెప్తది, నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టాలె అని కూడ ఉంది. షాపుల నీలం, తెలుపు, పరుగెత్తేటియి సూపిస్తరు, వద్దను. నీళ్ళకు తట్టుకునేది అడుగు, ఐపీ 67 అని ఉంటది, మన వానలకు అది లేకుంటే లోపల ఆవిరి పడ్తది.

పాత బల్బులు మాత్రం తియ్యకు. కొత్తయి దానికి తోడు, దాని బదులు కాదు. లెక్క సూడు, పాత బల్బు ఒక్కోటి 21 వాట్లు, 12 వోల్ట్‌ల మీద పావు తక్కువ రెండు ఆంప్స్ తింటది, నీ ఎల్ఈడీ మూడు వాట్లదైతే పావు ఆంప్ అంతే, ఫ్లాషర్‌కు, అంటే ఇండికేటర్‌ను కొట్టించే డబ్బాకు, తెల్వను కూడ తెల్వదు. అదే బల్బు పీకి ఎల్ఈడీ పెట్టినవనుకో, లోడు తగ్గి ఫ్లాషర్ బల్బు పోయిందనుకొని టకటకా ఉరుకుతది. దానికి రెసిస్టర్ ఎయ్యమని చెప్తరు, ఆరు ఓమ్‌ది, అది రెండు ఆంప్స్ పైన తాగుతది, కొట్టినంతసేపు సెగ, ప్లాస్టిక్‌కు తగిలితే కరుగుతది. ఎప్పుడన్న మొత్తం ఎల్ఈడీ చేస్తే ఎల్ఈడీ ఫ్లాషర్ మార్చు గని రెసిస్టర్ జోలికి పోకు.

ఇగ వైరింగ్. ముందు బ్యాటరీ మైనస్ తియ్యి, లైన్ సూసేటప్పుడు మళ్ళ పెట్టి, తర్వాత మళ్ళ తియ్యి, బద్దకించకు. వైర్ రంగులు నమ్మకు, నీది సెకండ్ హ్యాండ్ బండి, ముందోడు ఏం చేసిండో తెల్వదు. ఎడమ ఇండికేటర్ ఏసి వెనక లైట్ కాడ ఏ వైర్ కొడ్తుందో టెస్ట్ లైట్‌తోని సూడు, బ్రేక్ తొక్కితే అది వెలగద్దు, పార్కింగ్ ఏసినా వెలగద్దు, అప్పుడే అది నీ వైర్. కుడి దిక్కు కూడ అంతే.

బిఎస్6 బండ్లల్ల, అంటే పొగ రూల్స్ మారినంక వచ్చిన కొత్త బండ్లల్ల, కొన్నిటికి ఇండికేటర్ లైన్ కంట్రోల్ యూనిట్ నుంచి వస్తది, అట్లాంటిది అయితే టెస్ట్ లైట్ వద్దు మల్టీమీటర్ పెట్టు, దిక్కుకొక రిలే వేసుకో, అది చిన్న కరెంట్‌తోని వేరే లైన్ కలిపే స్విచ్ డబ్బా, కాళ్ళ కాడ నంబర్లు ఉంటయ్. 86కు ఇండికేటర్ వైర్, 85 ఎర్త్, 30కి బ్యాటరీ నుంచి 5 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టిన వైర్, 87 నుంచి ఎల్ఈడీకి. ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలె, వెనకెక్కడో పెడ్తే మధ్యల వైర్ రాసుకపోయి మంటొస్తే అది ఆపదు. ఇండికేటర్ ఆపినా ఎల్ఈడీ మసక మసకగ వెలిగే బండ్లకు కూడ రిలే ఏస్తే ఆ మసక పోతది.

జాయింట్ కాడ నా మాట ఇను. వైర్ తోలు గీకి మెలేసి టేపు చుట్టుడు నేను మస్తు చేసిన, మన ఎండలకు టేపు జిగురు కారుతది, వానకాలం రాంగనే లోపల పచ్చగ తుప్పు. నొక్కి పెట్టే క్లిప్పులు కూడ వద్దు, అయి లోపలి తీగలు కోస్తయ్. సోల్డర్ చెయ్యి, పైన స్లీవ్, అంటే వేడికి ముడుచుకునే గొట్టం, ఏసి వేడి చెయ్యి. స్లీవ్ ముందే వైర్‌కు తొడుగు, సోల్డర్ చేసినంకనే గుర్తొస్తది అందరికి.

ఎర్త్ కూడ అంతే పైలం. పెయింట్ మీద బోల్ట్ బిగిస్తే అది ఎర్త్ కాదు. ఇనుము మెరిసేదాక గీకి, వైర్ కొసకు థింబుల్ రింగు పెట్టి, పళ్ళ వాషర్ ఏసి బిగించి పైన గ్రీజు రాయి. అసలు మైనస్ వైర్ వెనక లైట్‌ది ఉన్న చోటుకే, చాసిస్‌కే తీస్కపో, బాడీ పైపుకు వద్దు, బాడీకి చాసిస్‌కు నడుమ రబ్బర్లు, కట్టె ముక్కలు ఉంటయ్. ఎర్త్ సరిగ లేకుంటే ఇండికేటర్ ఏస్తే పార్కింగ్ లైట్ కూడ కొట్టుకుంటది, కరెంట్ వేరే బల్బు లోపలికెళ్ళి తిరిగొస్తది. అట్లైతే స్విచ్చులు మార్చుకుంట తిరుగకు, ఎర్త్ సూడు.

వైర్ 0.75 చదరపు మిల్లీమీటర్లది చాలు. గీతల పైపుల ఏసి పాత హార్నెస్ ఎంబడే కట్టు, సైలెన్సర్‌కు దూరం, బాడీల బెజ్జం కొట్టిన కాడ రబ్బర్ గ్రోమెట్, బెజ్జం అంచుకు ఇంత పెయింట్. క్యాబిన్ నుంచి వెనకకు తెచ్చేది ఉంటే నడుమ జానెడు వదులు ఉంచు, గుంతల రోడ్ల అది ఒక దిక్కు ఇది ఒక దిక్కు ఊగుతయ్.

అయినంక పగలు సూసి మురువకు. లోడేసి టార్పాలిన్ కట్టి, చీకటి పడ్డంక చిన్నోన్ని వెనక యాభై అడుగులు నిలబెట్టు, బైక్ మీద కూసోమను, ఆ ఎత్తునుంచి సూసి చెప్పాలె. బ్రేక్ తొక్కుకుంట ఇండికేటర్ ఏసి కూడ అడుగు.

నర్సంపేట ట్రిప్పు బుధవారం అన్నవ్ కదా, ఆదివారం ఇటు రా. సోల్డరింగ్ చేసి పెట్టుకో గని స్లీవ్ వేడి చెయ్యకు, జాయింట్లు నేను గుంజి సూసినంక చేద్దాం.

మీ మామ