ఏడు పియానోలు, ఒక్క చెయ్యి

చి. చిట్టికి,

మామయ్య ఆశీస్సులు. రాత్రి ఒంటిగంటకు నువ్వు పంపిన క్లిప్పు పొద్దున్నే కాఫీ తాగుతూ విన్నాను. నాలుగు బార్ల మోహనం ముక్క, అదే ముక్క ఏడు వర్చువల్ పియానోల మీద, అంటే పియానోలా పలికే ఏడు సాఫ్ట్‌వేర్ల మీద. చివర్లో "ఇందులో ఏది కొనుక్కోమంటావు మామయ్యా?" అని అడిగిన గొంతులో నిద్రమత్తు ఏ కోశానా లేదు. ఆ ఉత్సాహం నాకు బాగా తెలుసు. మద్రాసులో ఉన్న రోజుల్లో కోర్గ్ ఎమ్1 మొదటిసారి నా చేతికి వచ్చిన రాత్రి నేనూ పడుకోలేదు. 1988లో వచ్చిన ఆ కీబోర్డులో పియానో, ఫ్లూటు, డ్రమ్స్, ఉన్న వాద్యాల శబ్దాలన్నీ కలిపి 4 ఎంబీలో సర్దారు. ఇప్పుడు కీస్కేప్ అనే ఒక్క సాఫ్ట్‌వేర్ 77 జీబీ. మాకు కలలో కూడా తట్టని సంపద నీ లాప్‌టాప్‌లో ఉంది. అందుకే ఇన్ని ఎందుకు దించుకున్నావని నిన్ను కోప్పడను.

కానీ ఆ క్లిప్పు మళ్లీ ఒకసారి విను. ప్రతి ముక్కలోనూ మూడో స్వరం, ఆ గాంధారం, పక్కవాళ్లను తోసుకుని ముందుకొస్తోంది. ఏడు పియానోల్లోనూ అంతే. ఒక్కసారి వాయించి, అదే మిడిని, అంటే ఏ కీ ఎప్పుడు ఎంత విసురుగా నొక్కావో రాసిపెట్టిన లెక్కను, ఏడింటికీ తగిలించావని తెలుస్తూనే ఉంది. పియానోను అలా ఎంచుకోకూడదమ్మా. చెవికి వినపడినదాన్ని బట్టి చెయ్యి తన బరువు మార్చుకుంటుంది. మెత్తటి పియానో వినపడితే వేలు ఇంకాస్త దిగుతుంది, కరుకుగా ఉంటే వెనక్కి తగ్గుతుంది. ఒక పియానో వింటూ వాయించిన మిడిని ఇంకో పియానోకి ఇస్తే, ఒకరి కొలతలకు కుట్టిన జాకెట్టు ఇంకొకరికి తొడిగినట్టే. ఏది బాగుందో తెలియాలంటే ప్రతిదాని మీదా మళ్లీ మొదటినుంచి వాయించాల్సిందే.

క్లిప్పుతోపాటు మిడి ఫైలు కూడా పంపి మంచి పని చేశావు. తెరిచి చూశాను. వేలి విసురు చూపే అంకెల్లో నీ స్వరాలన్నీ 78కీ 96కీ మధ్య ఉన్నాయి. ఆ గాంధారం ఒక్కటే 112. నడిమివేలు బలమైంది కాబట్టి తెలియకుండానే దిగబడింది. ఈ అంకెల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నీ ఏడు పియానోల కష్టమంతా ఇక్కడే ఉంది.

నిజం పియానోలో గట్టిగా కొడితే శబ్దం పెద్దదవడం ఒక్కటే కాదు, నాదం రంగే మారిపోతుంది. సుత్తికున్న ఫెల్టు మెల్లగా తగిలితే గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. విసురుగా తగిలితే అదే తీగ కంచులా ఖంగున మోగుతుంది. అందుకే శాంపిల్ పియానో తయారుచేసేవాళ్లు ఒకే స్వరాన్ని రకరకాల బలాలతో వాయించి విడివిడిగా రికార్డు చేస్తారు. నువ్వు దించుకున్నవాటిలో ఉచితంగా దొరికే సాలమాండర్ ఉంది చూడు, అది యమహా సీ5 గ్రాండ్ పియానో. మూడు స్వరస్థానాలకు ఒకటి చొప్పున తీసుకుని, ఒక్కోదాన్నీ 16 బలాల్లో రికార్డు చేశారు, ఒక్కో బలం ఒక పొర. మిడిలో నీ వేలి విసురు 1 నుంచి 127 లోపు ఒక అంకె, 1983లో మిడి వచ్చినప్పటినుంచీ అదే లెక్క. అంటే ఒక్కో పొరకు దాదాపు 8 అంకెలు. 78 నుంచి 96 దాకా అంటే ఎన్ని పొరలో నువ్వే లెక్కేసుకో. మూడు, మహా అయితే నాలుగు. మిగతా పన్నెండు పొరలు నువ్వు ఇంతవరకు వినలేదు. ఏడు పియానోలూ నీకు అటూఇటూగా ఒకేలా అనిపించి, ఎనిమిదోది కావాలనిపించడానికి కారణం అదే.

తప్పు నీది కాదు. స్ప్రింగుల మీద ఆడే ఆ తేలిక కీబోర్డులు చాలావాటిలో ఇంతే, మెల్లగా నొక్కినా మధ్య అంకెలే పంపుతాయి. ఈ సాయంత్రం ఒక పని చెయ్యి. ఒక్క కీ మీద వేలు పెట్టు. వినీవినపడనంత మెల్లగా మొదలుపెట్టి, పదో దెబ్బకి నీ బలమంతా వచ్చేలా వరసగా పదిసార్లు వాయించు. రికార్డు చేసి అంకెలు చూడు. మొదటిదే 50 దగ్గర ఉంటే వేలి విసురును అంకెగా మార్చే గీతను, అంటే వెలాసిటీ కర్వ్‌ను, కిందికి వంచాలి, అప్పుడు మెత్తటి దెబ్బ మెత్తగానే పలుకుతుంది. పదోది 100 దాటకపోతే పైకొసను లేపాలి. పియానోటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కీబోర్డుకు తగ్గట్టు దీన్ని సర్దిపెట్టే క్యాలిబ్రేషన్ ఉంది, మిగతా చాలావాటిలో చేత్తో గీసుకోవాలి. అరగంట పని. నా స్టూడియోకి వచ్చే పిల్లల్లో ఈ అరగంట వెచ్చించినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, వేలకు వేలు పోసి కొత్త పియానో శబ్దాల లైబ్రరీలు కొన్నవాళ్లు మాత్రం బోలెడుమంది.

తర్వాత బఫర్ చూసుకో, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు ఎంత శబ్దం పోగుచేసి పంపాలో చెప్పే సెట్టింగు. నువ్వు కీ నొక్కాక శబ్దం వచ్చేదాకా పట్టే సమయంలో చాలా భాగం దానిదే. సెకనుకు 44,100 శాంపిళ్ల రేటులో బఫర్ 512 శాంపిళ్లు ఉంటే దాదాపు 12 మిల్లీసెకన్లు, 128 ఉంటే 3. అంకెల్లో చిన్న తేడాలా కనిపిస్తుంది. కానీ 12 మిల్లీసెకన్లంటే పియానోకి నాలుగు మీటర్ల దూరంలో నిలబడి వింటున్నంత ఆలస్యం. చెయ్యి ఇక్కడ, నాదం అక్కడ. ఆ తేడా తెలియకుండానే వేలిని తొందరపెడుతుంది, తాళం జారుతుంది. వాయించేటప్పుడు 128 పెట్టుకో, మిక్సింగ్‌కి వచ్చాక ఎంతైనా పెంచుకో. 128కి చిటపటలు వస్తే మిగతా ట్రాకులను ఫ్రీజ్ చెయ్యి, అంటే తాత్కాలికంగా ఆడియోగా మార్చిపెట్టు. లైబ్రరీలను ఎస్ఎస్‌డీలో పెట్టు, పాత హార్డ్ డిస్కులో వద్దు.

ఇక ఏది కొనాలన్న నీ ప్రశ్న. రెండు జాతులున్నాయని గుర్తుపెట్టుకో. ఒకటి రికార్డు చేసిన పియానో, ఇంకోటి లెక్కగట్టిన పియానో. పియానోటెక్ రెండోది. ఫ్రాన్స్‌లో తులూజ్ వాళ్లు 2006లో తెచ్చారు. అందులో రికార్డింగులే లేవు. సుత్తి, తీగ, సౌండ్‌బోర్డు ఎలా కదులుతాయో అప్పటికప్పుడు లెక్కకట్టి నాదం పుట్టిస్తుంది. అందుకే డిస్కులో కొద్ది ఎంబీలతో సరిపెట్టుకుంటుంది, పొరకీ పొరకీ మధ్య అతుకు కనపడదు. రికార్డు చేసినవాటిలో ఆ హాలు గాలి, ఆ మైకుల వాసన ఉంటాయి, అది వేరే అందం. నీ దగ్గరున్నది 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, పైగా నువ్వు నేర్చుకునే దశలో ఉన్నావు. నన్నడిగితే లెక్కగట్టినదే తీసుకోమంటాను. వేలికి అది చెప్పినంత నిజం ఇంకేదీ చెప్పదు. ముందు ట్రయల్ పెట్టుకో. అందులో కొన్ని కీలు మోగవు, 20 నిమిషాలకు ఆగిపోతుంది. పర్వాలేదు, చేతికి తెలియడానికి ఆ కాసేపు చాలు. క్రాక్ వెర్షన్ల జోలికి మాత్రం పోకు. రేపు నీ పాట ఇంకొకడు ఊరికే వాడుకుంటే నీకు ఎలా ఉంటుందో ఆలోచించు.

ఇప్పుడు అందరూ వెంటపడుతున్న ఆ ఫెల్టు పియానో శబ్దం నీకూ బాగా నచ్చినట్టుంది. తీగలకూ సుత్తులకూ మధ్య ఫెల్టు గుడ్డ అడ్డుపెడితే వచ్చే నాదం అది. జర్మనీలో నిల్స్ ఫ్రామ్ అనే ఆయన రాత్రిళ్లు పక్కింటివాళ్లకు ఇబ్బంది కలగకూడదని అలా వాయించడం మొదలుపెట్టాడు. తర్వాత బెర్లిన్‌లోని ఫంక్‌హౌస్‌లో ఆయన యమహా గ్రాండ్‌నే రికార్డు చేసి నోయిర్ అనే లైబ్రరీగా చేశారు, ఫెల్టుతో ఒకటి, లేకుండా ఒకటి. ఆ నాదం ఒంటరి పియానోకి ప్రాణం. కానీ నీ పాటలో తబలా, ఫ్లూటు, గిటారు, కోరస్ ఉన్నాయి. వాటి మధ్య ఫెల్టు పియానో ఎక్కడుందో వెతుక్కోవాలి. పాట పల్లవిదాకా పియానో ఒక్కటే నడిస్తే వాడుకో, తబలా దిగాక మామూలు గ్రాండ్‌కి మారు.

మన సంగీతం దగ్గర ఇంకో మాట చెప్పాలి, ఇది ఏ ట్యుటోరియల్‌లోనూ నీకు దొరకదు. పియానోలో గమకం, అంటే స్వరాన్ని ఊపడం, లేదు. గమకం పలకదనే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను పక్కన పెట్టింది, దాదాపు మూడు దశాబ్దాలు దగ్గరికి రానివ్వలేదు. పియానోదీ అదే పరిస్థితి. పిచ్ వీల్ తిప్పి పియానోను ఊగించబోకు. తీగ కరిగిపోయినట్టు ఉంటుంది, పియానో మీదున్న నమ్మకం ఆ క్షణమే పోతుంది. ఊగే పని పాడేవాళ్లకు వదిలెయ్యి. నువ్వు చెయ్యాల్సింది వాళ్లకు చోటివ్వడం. తోడి రాగంలో గాంధారం ఊగుతున్నప్పుడు కింద నువ్వు మైనర్ కార్డులో ఆ గాంధారాన్ని కదలకుండా నొక్కి పట్టుకుంటే రెండూ పోట్లాడుకుంటాయి. అక్కడ కార్డులోంచి గాంధారం తీసేసి, షడ్జమం, పంచమం మాత్రం ఉంచు. గొంతు ఊగినంతసేపూ పియానో నేలలా ఉండాలి. మీ కాలేజీలో పాడే ఆ అమ్మాయిది ఐదున్నర శ్రుతి అన్నావు కదా. ఆమె గొంతు తిరిగే చోటనే నీ కుడిచెయ్యి కూడా తిరుగుతోంది. ఒక స్థాయి పైకి వెళ్లు, లేదా ఆమె ఊపిరి తీసుకునే సందులో మాత్రం పలుకు.

ఎడమచెయ్యి కొంచెం తగ్గించు. కింది స్థాయి బేస్ గిటారుది. పియానోను ఒంటరిగా పెట్టి విన్నప్పుడు నిండుగా వినపడేది, పాటలో కలిసేసరికి బురదైపోతుంది. స్టీరియో వెడల్పు తగ్గించి ఒకసారి ఫోను స్పీకరులో విను. మన పాటలు ఎక్కువమంది వినేది అందులోనే.

వీలైతే నిజం పియానో ముందు ఒక్క గంట కూర్చో. మీ వైజాగ్‌లో ఏదైనా చర్చిలోనో స్కూల్లోనో ఉంటుంది, మర్యాదగా అడిగితే కాదనరు. మధ్య 'సి' మోగకుండా మెల్లగా నొక్కి అలాగే పట్టుకో. ఇప్పుడు ఒక స్థాయి కింద 'సి'ని గట్టిగా కొట్టి వెంటనే వదిలెయ్యి. కొట్టిన స్వరం ఆగిపోయినా, నువ్వు కొట్టని పైతీగ సన్నగా పాడుతూ ఉంటుంది. మొదటిసారి అది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇంటికొచ్చి నీ సాఫ్ట్‌వేర్‌లో ఇదే చేసి చూడు. పలికితే మంచి పియానో. పలకకపోతే పాటలో వెనక వాడుకోవడానికి పనికొస్తుంది, ముందు కూర్చోబెట్టకు.

ఒక దెబ్బ తిన్న సంగతి చెబుతాను, నువ్వు తినకూడదని. పదిహేనేళ్ల కిందట ఒక చిన్న సినిమాకి పియానో అంతా నేనే వాయించి, మిడిగానే ఉంచేశాను. ఎప్పుడంటే అప్పుడు శబ్దం మార్చుకోవచ్చు కదా అనుకున్నాను. నాలుగేళ్లకు వాళ్లు ఆ పాటలు విడిగా కావాలని వచ్చారు. అప్పటి ప్లగిన్, అంటే ఆ పియానో సాఫ్ట్‌వేర్, కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. కంపెనీ దాన్ని ఎప్పుడో ఆపేసింది, నా మెయిళ్లకు జవాబు కూడా రాలేదు. స్వరాలన్నీ కళ్లముందు తెరమీద ఉన్నాయి, నాదం మాత్రం లేదు. ఇంకో పియానో పెట్టి చూస్తే అది ఆ పాటే కాదు. డైరెక్టరు ఏమీ అనలేదు, తల దించుకుని వెళ్లిపోయాడు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. పాట పూర్తయిన రోజే పియానో ట్రాకును ఆడియోగా బౌన్స్ చేసి, రెండుచోట్ల దాచిపెట్టు. మిడి పక్కన ఉండనీ, కానీ దాన్నే నమ్ముకోకు.

కాబట్టి ఈ నెలంతా ఒక్క పియానో. సాలమాండర్ అయినా సరే, ట్రయల్ చూశాక కొన్నదైనా సరే. మిగతా ఆరూ బయటి డ్రైవ్‌లోకి పంపించెయ్యి. రోజూ ఆ మోహనం ముక్కే వాయించు, మెట్రోనోమ్ లేకుండా ఒకసారి, పెట్టుకుని ఒకసారి. స్వరాలను తాళానికి సర్దిపెట్టే క్వాంటైజ్ ముట్టుకోకు. నెల తర్వాత ఆ నాలుగు బార్లు మళ్లీ పంపు, మిడి ఫైలుతో సహా. గాంధారం ఎక్కడ దిగిందో ఇద్దరం కలిసి చూద్దాం.

నాదాన్ని నిలిపి ఉంచే నీ పెడల్ నొక్కితే పూర్తిగా పలుకుతుంది, లేకపోతే అసలు లేదన్నట్టుంది క్లిప్పులో. సగం నొక్కితే సగం పలికే పెడల్ నా దగ్గర అదనంగా ఒకటుంది, కొరియర్‌లో పంపిస్తున్నాను. మీ కీబోర్డు సగం పెడల్‌ను గుర్తుపడుతుందో లేదో మాన్యువల్‌లో చూసుకో. అది తగిలించి కీబోర్డు ఆన్ చేసేటప్పుడు కాలు దానిమీద పెట్టకు. చాలా కీబోర్డులు ఆన్ అయిన క్షణంలోనే పెడల్ ఎటువైపుందో చూసుకుంటాయి. అప్పుడు నొక్కి ఉంటే, ఆ తర్వాత వదిలినప్పుడు మోగుతూ, నొక్కినప్పుడు ఆగిపోతూ తలకిందులుగా పనిచేస్తుంది. అమ్మని అడిగానని చెప్పు.

మీ పెద్దమామయ్య
హైదరాబాద్