ట్రోపోనిన్ పెరిగిందని అర్ధరాత్రి ఫోన్ వస్తే

చి. అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. ఐసీయూలో నైట్ డ్యూటీలు మొదలయ్యాయని రాశావు. సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) వచ్చినవాళ్లకు గుండె ఎప్పుడు మొరాయిస్తుందో రక్త పరీక్షల్లో ముందే పసిగట్టొచ్చా అని అడిగావు. కొంతవరకే.

ముందు నా తప్పు చెబుతాను. నీ వయసులో ఉండగా, న్యుమోనియాతో వచ్చిన ఒకాయనకు ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) బాగా ఎక్కువొచ్చింది. గుండెపోటే అనుకుని రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ పెట్టించాను. తెల్లవారేసరికి ముక్కు గొట్టంలో కాఫీపొడి రంగు కనబడింది, అంటే కడుపులో రక్తస్రావం. తర్వాత యాంజియో చేస్తే గుండె రక్తనాళాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆయన బతికి బయటపడ్డాడు కాబట్టి ఇవాళ ఇది రాయగలుగుతున్నాను.

గుండె కండరం దెబ్బతిందని మాత్రమే ట్రోపోనిన్ చెబుతుంది, ఎందుకో చెప్పదు. సెప్సిస్‌లో నాళాలు మూసుకుపోకపోయినా అది పెరుగుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నా పెరుగుతుంది. అందుకే రాగానే ఒకటి, 3 నుంచి 6 గంటలకు ఇంకొకటి పంపు. రెండు అంకెల మధ్య తేడా చూడు, పక్కన ఈసీజీ పెట్టుకో. ఛాతీనొప్పో, ఈసీజీలో గుండెపోటును సూచించే ఎస్‌టీ మార్పులో ఉంటే కార్డియాలజీ వాళ్లను నిద్రలేపు. విసుక్కుంటే విసుక్కోనీ.

గుండె గదుల గోడలు సాగితే రక్తంలో బీఎన్‌పీ అనే హార్మోన్ పెరుగుతుంది. పెద్దవయసులో, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఎలాగూ ఎక్కువే ఉంటుంది. లావుగా ఉన్నవాళ్లలో తక్కువ చూపించి మోసం చేస్తుంది. మొదటి 3 గంటల్లో కిలోకు 30 మి.లీ. లెక్కన సెలైన్ ఎక్కించాక, ఇంకో బాటిల్ పెట్టమనే ముందు నేను బీఎన్‌పీని చూస్తాను. అది పెరుగుతూ పోతుంటే చేయి ఆపి, స్టెత్ తీసుకుని ఊపిరితిత్తుల కిందిభాగం వింటాను.

ఒంటికి రక్తం సరిగా అందకపోతే పెరిగే లాక్టేట్ 2 (లీటరుకు మిల్లీమోల్స్) దాటితే 2 నుంచి 4 గంటలకోసారి చూడాల్సిందే. కానీ శాంపిల్ బల్లమీద పడి ఉన్నా అది పెరుగుతుంది, ఎడ్రినలిన్ ఇచ్చినా పెరుగుతుంది. ప్రోకాల్సిటోనిన్‌ను ఇన్ఫెక్షన్ సంగతి అడుగు, గుండె సంగతి అడగకు.

అసలు తిరకాసు ఎకోలో, అంటే గుండె అల్ట్రాసౌండ్ స్కాన్‌లో ఉంది. సెప్సిస్‌లో నాళాలు వదులై ఉంటాయి. గుండెకు ఎదురు ఒత్తిడి తక్కువ కాబట్టి ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో దెబ్బకు గుండె బయటికి పంపే రక్తం శాతం) బాగానే కనిపిస్తుంది. నాళాలను బిగించే నార్‌ఎడ్రినలిన్‌తో మీన్ (సగటు) బీపీని 65కి తెచ్చాక, అదే గుండె ఈడ్చుకుంటూ కొట్టడం కనబడొచ్చు. రాత్రి 'నార్మల్' అని రాసిన ఎకోను పొద్దున్నే నమ్మొద్దు. ట్రోపోనిన్, బీఎన్‌పీ లాంటి మార్కర్లు పెరుగుతున్నాయంటే ఎకో ప్రోబ్ మళ్లీ పెట్టు. వాటి ఉపయోగం నాకు తెలిసి ముఖ్యంగా ఇదే: ఎవరి గుండెను రెండోసారి చూడాలో చెప్పడం.

ఇంట్లోవాళ్లతో 'గుండె పాడైపోయింది' అనకు. బతికి బయటపడినవాళ్లలో చాలామందికి వారం పదిరోజుల్లో అది తేరుకుంటుంది. డిశ్చార్జి కాగితంలో మాత్రం మళ్లీ ఎకో తీయించాలని రాయి. ఆ ఒక్క వాక్యం నేను చాలాసార్లు మరచిపోయాను.

మీ పెదనాన్న