రక్తంలో షుగర్ అదుపులోనే ఉంది.. మూత్రంలో నాలుగు ప్లస్‌లు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 54. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. నాలుగు నెలల క్రితం డాక్టర్ గారు దానికి తోడు డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. మాత్ర రాశారు. ఇప్పుడు పరగడుపున 112, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.8 ఉంది. కానీ మొన్న మూత్ర పరీక్షలో షుగర్ నాలుగు ప్లస్‌లు వచ్చింది. ల్యాబ్‌లో అబ్బాయి ‘కిడ్నీలు దెబ్బతిన్నాయేమో, చూపించుకోండి’ అన్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మాత్ర మానేయమంటారా? కార్తీక సోమవారాలు ఉపవాసం కూడా ఉంటాను.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాత్ర మానేయకండి. మీ మూత్రంలో కనిపించిన షుగర్ ఆ మాత్ర బయటికి పంపుతున్నదే. అది వాడేవారిలో నాలుగు ప్లస్‌లు రావడం మామూలే. ఆ రిపోర్టును బట్టి కిడ్నీలు పాడయ్యాయని చెప్పలేం. ఎందుకో వివరంగా చెబుతాను, మీ భయం పోవాలి.

మన కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. షుగర్ జబ్బు లేనివారిలో కూడా ఆ ద్రవంతో పాటు 160 నుంచి 180 గ్రాముల గ్లూకోజ్ కిడ్నీ గొట్టాల్లోకి దిగుతుంది. అదంతా మూత్రంలో పోతే మనిషికి ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే గొట్టాల మొదటి భాగంలోనే దాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే ఏర్పాటు ఉంది. అయితే కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో తయారైంది. నీటిలో కరిగే గ్లూకోజ్ ఆ పొరలోంచి తనంతట తాను దూరలేదు. పొరలో ఇమిడి ఉన్న రవాణా ప్రోటీన్లే దాన్ని లోపలికి చేరవేయాలి. ఈ పనిలో సుమారు 90 శాతం ఎస్‌జీఎల్‌టీ2 అనే ప్రోటీన్‌దే. మిగిలినది కాస్త దిగువన ఉన్న ఎస్‌జీఎల్‌టీ1 చూసుకుంటుంది.

వైద్యం చదువుకునే రోజుల నుంచీ నాకు అబ్బురంగా అనిపించే సంగతి ఇక్కడే ఉంది. ఎస్‌జీఎల్‌టీ2 నేరుగా శక్తి ఏమీ ఖర్చు పెట్టదు. కణానికి రక్తం వైపున్న పొరలో సోడియం-పొటాషియం పంపు అనే మరో ప్రోటీన్ ఉంటుంది. అది కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఒక్కో అణువు చొప్పున ఖర్చు చేస్తూ, ఒక్కో అణువుతో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దీన్ని 1957లో పీత నరాల మీద పరిశోధన చేస్తూ గుర్తించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పంపు క్షణం ఆగకుండా తోడేయడం వల్ల కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. గొట్టంలోని ద్రవంలో మాత్రం ఎక్కువ. అందుకని నిండు చెరువు తూము ఎత్తితే నీళ్లు ఉరికినట్టు సోడియం కణంలోకి ఉరుకుతుంది. ఆ ఉరుకులోనే ఒక్కో సోడియం అయాన్‌తో పాటు ఒక్కో గ్లూకోజ్ అణువును ఎస్‌జీఎల్‌టీ2 లోపలికి తీసుకుంటుంది. అక్కడి నుంచి గ్లూట్2 అనే ఇంకో ప్రోటీన్ గుండా గ్లూకోజ్ రక్తంలోకి చేరుతుంది.

మామూలుగా రక్తంలో షుగర్ దాదాపు 180 దాటితే తప్ప మూత్రంలో కనపడదు. అంతవరకూ ఈ ప్రోటీన్లు మొత్తం వెనక్కి లాగేసుకుంటాయి. మీ మాత్ర ఎస్‌జీఎల్‌టీ2ను అడ్డుకుంటుంది కాబట్టి 112 దగ్గర కూడా గ్లూకోజ్ మూత్రంలో పోతూనే ఉంటుంది. కిడ్నీలు బాగా పనిచేస్తున్న షుగర్ పేషెంట్లలో ఇది రోజుకు 60 నుంచి 80 గ్రాముల దాకా ఉండొచ్చు. మాత్ర మొదలుపెట్టాక రెండు మూడు కిలోల బరువు తగ్గడానికి ముఖ్య కారణం ఇదే. పుట్టుకతోనే ఈ ప్రోటీన్ సరిగా పనిచేయనివారు కొందరుంటారు. వారికి జీవితాంతం మూత్రంలో షుగర్ పోతూనే ఉంటుంది, అయినా సాధారణంగా కిడ్నీలకు ఏమీ కాదు.

పైగా ఈ మాత్ర కిడ్నీ వడపోత భాగంలో ఒత్తిడి తగ్గించి దాన్ని కాపాడుతుంది. గుండె నీరసించినవారికీ మేలు చేస్తుంది కాబట్టి షుగర్ లేకపోయినా రాస్తున్నారు. మొదట్లో క్రియాటినిన్ కొద్దిగా పెరగొచ్చు, సాధారణంగా అక్కడే నిలిచిపోతుంది. మీ కిడ్నీల సంగతి తెలియాలంటే రక్తంలో క్రియాటినిన్‌తో పాటు, మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చేయించండి. మూత్రంలో షుగర్ చూసుకోవడం ఇక మీకు అనవసరం.

నన్ను అసలు ఆలోచనలో పడేసింది మీ ఉపవాసం. తెల్లవారి నుంచి నక్షత్ర దర్శనం దాకా ఏమీ తినకపోతే, ఒకవైపు గ్లూకోజ్ పోతుంటే, శరీరం కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుపోవచ్చు. ఇది అరుదే కానీ ప్రాణాంతకం. ఇందులో మోసం ఏమిటంటే, గ్లూకోమీటర్‌లో 160, 180 చూసి ఇంట్లోవాళ్లు ‘షుగర్ బాగానే ఉందిగా’ అనుకుంటారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, లేవలేనంత నీరసం ఉంటే అంకె ఎంతున్నా ఆస్పత్రికి వెళ్లి కీటోన్లు పరీక్షించమని అడగండి. కార్తీకం రాకముందే మీ డాక్టర్ గారితో మాట్లాడి, ఆ రోజుల్లో ఈ మాత్ర ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించుకోండి. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం మాత్రం వద్దు. జ్వరం, వాంతులు, విరేచనాలతో తిండి సహించని రోజుల్లో కూడా మాత్ర ఆపి డాక్టర్ గారికి ఫోన్ చేయండి.

తీపి మూత్రం ఫంగస్‌కు ఇష్టం. మూత్రం పోసిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కొని పొడిగా తుడుచుకోండి. అక్కడ దురద, ఎర్రదనం ఉంటే సిగ్గుపడకుండా చూపించుకోండి, చిన్న మందులతో తగ్గిపోతుంది. జ్వరంతో పాటు ఆ చుట్టుపక్కల వాపు, విపరీతమైన నొప్పి వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఇంకొకటి, హెర్నియా అయినా మరేదైనా ఆపరేషన్ తేదీ ఇస్తే ఈ మాత్ర స్ట్రిప్ తీసుకెళ్లి సర్జన్‌కూ మత్తు డాక్టర్‌కూ చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్‌ను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే ఆపుతారు.