పక్షవాతం తర్వాత చెయ్యి ఎంతవరకు కోలుకుంటుందో ముందే తెలుస్తుందా?

మీ అన్నయ్యకి 52 ఏళ్లు, స్ట్రోక్ వచ్చి నాలుగు రోజులు, కుడి చెయ్యి పడిపోయింది, కానీ మీ చెయ్యి అందిస్తే గట్టిగా పట్టుకుంటున్నారు, డాక్టరుగారు మాత్రం "ఇప్పుడే ఏం చెప్పలేం" అంటున్నారు అని రాశారు. మా నాన్నగారికి వచ్చినప్పుడు మేమూ ఆ పట్టు మీదే ఆశ పెట్టుకున్నాం. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ మంచం పక్కన నిలబడి "ఏదీ, నా చెయ్యి నొక్కండి" అనేవాళ్లు. ఆయన నొక్కితే అందరికీ ప్రాణం లేచొచ్చేది.

మూడో రోజు వచ్చిన ఫిజియోథెరపిస్ట్ పట్టు సంగతే ఎత్తలేదు. నాన్న ముంజేతిని ఒళ్లో పెట్టుకుని, దాని మీద తన రెండు వేళ్లు ఆనించి, "వేళ్లు చాపండి" అన్నారు. నాన్న పళ్లు బిగబట్టి ప్రయత్నించారు. ఒక్క వేలూ లేవలేదు. కానీ చర్మం కింద కండ చిన్నగా అదరడం ఆవిడ వేళ్లకి తెలిసింది. కాగితం మీద 1 వేశారు. తర్వాత చేతిని పక్కకి, రెక్క విప్పినట్టు ఎత్తమన్నారు. కాస్త లేచి పడిపోయింది. దానికి 2. మొత్తం 3.

దీన్ని సేఫ్ స్కోర్ అంటారు. చెయ్యి పక్కకి ఎత్తడానికి 0 నుంచి 5, వేళ్లు చాపడానికి 0 నుంచి 5, కలిపి పదికి. మూడో రోజున 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చి, వయసు 80 లోపు ఉంటే, మూడు నెలలకి చెయ్యి దాదాపు మామూలుగా పనిచేసే అవకాశం చాలా ఎక్కువ.

మరి పట్టు ఎందుకు లెక్కలోకి రాదు? వేళ్లు ముడుచుకోవడం మెదడు కాండం నుంచి వచ్చే వేరే దారుల వల్ల కూడా జరుగుతుంది. కొన్నాళ్లకి బిగుతు వల్ల వాటంతట అవే ముడుచుకుంటాయి కూడా. వేళ్లు విప్పడానికి, ఒక్కో వేలిని విడిగా కదపడానికి మాత్రం మెదడు పైపొర నుంచి వెన్నుపాముకి దిగే ప్రధాన నరాల దారి మిగిలి ఉండాలి. పట్టుకున్న గ్లాసుని వదల్లేకపోతే ఆ చేత్తో పని జరగదు కదా. కాబట్టి మీ అన్నయ్య పట్టుకోవడం చూసి ఇప్పుడే నమ్మకం పెట్టుకోకండి, విప్పగలరేమో చూడండి.

స్కోరు 5 కంటే తక్కువైతే ఇక అంతేనని కాదు. ఇక్కడే మేం చాలా భయపడ్డాం. ఆ దారి తెగిపోయిందా, మూగబోయిందా అన్నది చేతిని బయటి నుంచి చూస్తే తెలియదు. దానికి టీఎంఎస్ అనే పరీక్ష ఉంది. ఆరో రోజున నాన్నకి చేశారు. తల మీద ఎడమవైపు ఒక తీగచుట్ట ఆనించి అయస్కాంత తరంగం పంపారు. ప్రతిసారీ టప్ మని చప్పుడు. నాలుగైదు సార్లు ఏమీ లేదు. ఇంకోసారి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఎగిరింది, ఆయన ప్రయత్నమేమీ లేకుండానే. అమ్మ మంచం కమ్మీ పట్టుకుని ఏడ్చేసింది. దారి ఉందన్నమాట.

ముందు సేఫ్ స్కోర్, అది తక్కువైతే టీఎంఎస్ చూసి చెయ్యి ఎంతవరకు కోలుకుంటుందో అంచనా వేసే ఈ పద్ధతి పేరు ప్రెప్2. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథీ స్టినియర్ బృందం 2017లో ప్రచురించింది. నలుగురిలో ముగ్గురికి సరిగ్గా చెప్పగలుగుతుంది, నాలుగో మనిషికి తప్పుతుంది. అది గుర్తుంచుకోవాలి. నాన్న విషయంలో నిజమే అయింది: మూడు నెలలకి గ్లాసు ఎత్తారు, చొక్కా గుండీలు నిదానంగా పెట్టుకున్నారు, సంతకం మాత్రం వంకరగానే వస్తోంది.

టీఎంఎస్ అన్నిచోట్లా ఉండదు. మూర్ఛలు ఉన్నవాళ్లకి, పేస్‌మేకర్ గానీ తలలో లోహం గానీ ఉన్నవాళ్లకి సాధారణంగా చెయ్యరు. అది లేకపోతే రోజూ అవే రెండు కదలికలు చూస్తూ ఉండాలి. 2010లో నెదర్లాండ్స్‌లో 188 మందిని గమనించారు. రెండో రోజుకే వేళ్లు కాస్తయినా చాపి, చెయ్యి పక్కకి కదపగలిగినవాళ్లలో 98 శాతం మందికి ఆరు నెలలకి కొంతైనా చేతి నేర్పు వచ్చే అవకాశం కనిపించింది. అవి లేనివాళ్లలో అది 25 శాతం. తొమ్మిదో రోజుకీ రాకపోతే 14. పెద్ద అంకె కాదు, నిజమే. అయినా అది సున్నా కాదు, అందుకే మీ అన్నయ్యని ఒక్కరోజు చూసి తేల్చేయొద్దు.

మేం చేసిన ఒక పొరపాటు మీరు చెయ్యకండి. మొదటి వారమంతా నాన్న చేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కించాం. ముడుచుకునే వేళ్లకి ఇంకా ముడుచుకోవడమే నేర్పుతున్నారని ఫిజియో కోప్పడ్డారు. బంతి తీసేసి, బల్ల మీద మడిచిన తువ్వాలుని వేళ్ల వెనక వైపుతో నెట్టించడం మొదలుపెట్టారు. అలాగే పడుకోబెట్టేటప్పుడు, లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దు. కండలు వదులైపోయి భుజం కీలు జారుతుంది, తర్వాత ఆ నొప్పి వల్లే వ్యాయామం ఆగిపోతుంది.

డాక్టరుగారిని "బాగవుతుందా" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. "సేఫ్ స్కోర్ ఎంత, టీఎంఎస్ చేయించే వీలుందా" అని అడగండి. రేపు పొద్దున ఫిజియో వచ్చినప్పుడు ఆ రెండు కదలికల అంకెలూ వేయించి, తేదీతో సహా రాసి పెట్టుకోండి. తొమ్మిదో రోజున మళ్లీ వేయించండి.