ఏసీ మనం తిప్పాలా, దాన్నే తిప్పుకోమనాలా?

ఎండలు ముదిరాయి, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం ఏసీ మీదే. అందులో పికప్ బండ్ల వాళ్లవి ఇన్ని ఉంటాయని నేను అనుకోలేదు. నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. మాది భీమవరం దగ్గర, రొయ్యల చెరువులు. పాత బండి అమ్మేసి ఇసుజు డబుల్ క్యాబ్, అంటే వెనక కూడా సీట్లున్న పికప్, కొందామనుకుంటున్నాను. హై-ల్యాండర్‌లో మాన్యువల్ ఏసీ, వి-క్రాస్ పై వేరియంట్లలో ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్. షోరూమ్ కుర్రాడు "ఆటోమేటిక్ అయితే చల్లదనమే వేరు సార్" అంటున్నాడు. తేడా చూస్తే లక్షల్లో ఉంది. రోజుకి ఇరవైసార్లు దిగి ఎక్కే పని నాది. అంత పెట్టొచ్చా?

జవాబు: చల్లదనమే వేరు అన్నది మాత్రం నమ్మకండి. చల్లదనం పుట్టేది కంప్రెసర్ దగ్గర, ఆటోమేటిక్ అన్నది దాన్ని నడిపించే బుర్ర మాత్రమే. మాన్యువల్‌లో మీరు తిప్పే టెంపరేచర్ నాబ్ చేసేది ఏమిటంటే, డ్యాష్‌బోర్డు లోపల ఒక చిన్న తలుపు ఉంటుంది, చల్లబడ్డ గాలిలో ఇంజన్ వేడినీళ్ల మీదుగా వచ్చే వేడిగాలిని ఎంత కలపాలో ఆ తలుపు చూసుకుంటుంది, దాన్ని అటూ ఇటూ జరుపుతుంది, అంతే. ఆటోమేటిక్‌లో అదే తలుపుని ఒక చిన్న మోటారు జరుపుతుంది. క్యాబిన్ లోపల ఒక సెన్సర్, బయటి వేడి చూడ్డానికి ముందు బంపర్ దగ్గర ఒకటి, ఎండ ఎంత పడుతోందో చూడ్డానికి అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద ఒకటి. మీరు 24 అని పెడితే ఈ మూడింటి లెక్కలు చూసుకుని ఫ్యాను, తలుపు అదే సర్దుకుంటుంది. ఇదేమీ నిన్న మొన్నటి విద్య కాదు, అమెరికాలో క్యాడిలాక్ వాళ్లు 1964 మోడల్ కార్లలోనే పెట్టారు.

ఇప్పుడు మీ పని సంగతి. చెరువు దగ్గర ఆగుతారు, డోరు బార్లా తీస్తారు, మేత బస్తాలు దింపిస్తారు, ఏరేటర్ల దగ్గరికి వెళ్లొస్తారు, మళ్లీ ఎక్కుతారు. ఎక్కిన ప్రతిసారీ లోపల వేడి చూసి ఆటోమేటిక్ కంగారు పడి ఫ్యాను ఫుల్లుగా తిప్పేస్తుంది. అదే టైముకి రొయ్య కౌంటు గురించి ఫోన్ వస్తుంది, మాట వినపడదు, మీరు ఫ్యాను తగ్గిస్తారు. చాలా బండ్లలో ఆ నిమిషంలోనే ఆటో లైటు ఆరిపోతుంది. అంటే డబ్బు పెట్టి కొన్న ఆటోమేటిక్‌ని రోజుకి ఇరవైసార్లు మాన్యువల్ చేసుకుంటారన్నమాట! దీనికన్నా బురద చేత్తో, గట్టు మీద నుంచి కళ్లు తిప్పకుండా, తడుముకుని తిప్పుకునే గుండ్రటి నాబే నయం.

ఆటోమేటిక్ బాగుండేది దూరప్రయాణంలో. మధ్యాహ్నం భీమవరంలో బయల్దేరి హైదరాబాద్ వెళ్తుంటే సూర్యుడు ఒకసారి ఎడమ పక్క, ఒకసారి ఎదురుగా, చీకటిపడ్డాక అసలు లేడు. మాన్యువల్‌లో గంటకోసారి చెయ్యి పెట్టాలి, లేకపోతే వెనక పడుకున్న పిల్లలు వణుకుతారు. నెలకి రెండుమూడుసార్లు కుటుంబంతో అలా తిరిగేవాళ్లకి అది సుఖమే, కాదనను.

అయితే ఈ లక్షల తేడా ఏసీది కాదండీ. హై-ల్యాండర్‌లో ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం వెళ్లే ఏర్పాటు, లేదు, వి-క్రాస్‌లో దొరుకుతుంది. వానాకాలం తడిసిన గట్ల మీద బండి దిగబడే చోటు మీకు ఉంటే ఆ ఫోర్ బై ఫోర్ కోసం పెట్టండి, ఆటోమేటిక్ ఏసీ దానితో పాటు వస్తుంది. గట్లన్నీ కంకర రోడ్లయితే హై-ల్యాండర్ చాలు. ఏది కొన్నా మన బండే, ఇసుజు పికప్‌లు 2016 నుంచి శ్రీసిటీలోనే తయారవుతున్నాయి.

ఇంకోటి. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే టెంపరేచర్ బాగా తగ్గించేసి కూర్చోకండి. ఆటోమేటిక్‌లో 24 పెట్టినా 18 పెట్టినా, లోపల అంత వేడి ఉన్నప్పుడు అది ఎలాగూ పూర్తి బలంతోనే మొదలవుతుంది, 18 అన్నంత మాత్రాన త్వరగా చల్లబడదు. అద్దాలు నాలుగూ దించి ఒక నిమిషం నడపండి, వేడంతా బయటికి పోతుంది, ఆ తర్వాత అద్దాలెత్తి లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. అది నొక్కి గంటలు గంటలు మర్చిపోవద్దు, నలుగురు కూర్చున్న క్యాబిన్‌లో మనం వదిలిన గాలే పేరుకుపోయి డ్రైవింగ్ సీట్లో మత్తు వస్తుంది.

ప్రశ్న: మాది మదనపల్లె సార్, చిన్న పికప్‌లో టమాటా వేస్తాను. ఏసీ లేదు. లారీలకి ఏసీ కంపల్సరీ చేశారంట కదా, మా బండ్లకీ వస్తుందా? బయట ఏసీ బిగించుకోవచ్చా?

జవాబు: ఆ రూలు 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకి, అదీ మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటే వాటికి. మీ బండి దాని కిందకి రాదు, పైగా పాత బండ్లకి అసలు వర్తించదు. బయట బిగించే ఏసీ సంగతి అంటారా, నేనైతే వద్దంటాను. కంప్రెసర్‌కి ఇంజన్ బలం కావాలి, రేడియేటర్ ముందు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ అడ్డం పెట్టాలి, నిండు లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఆ రెండూ కలిసి ఇంజన్ని వేడెక్కిస్తాయి. వారంటీలో ఉన్న బండయితే అదీ పోతుంది. తర్వాతి బండి కొనేటప్పుడు కంపెనీ ఏసీతో వచ్చేదే అడగండి, బొలెరో పికప్‌లోనే ఏసీ వేరియంట్లు ఉన్నాయి. అందులో ఆటోమేటిక్ కోసం వెతకొద్దు, ఆ సైజు క్యాబిన్‌కి రెండు నాబ్‌లు ఎక్కువే.

ప్రశ్న: మేం మిన్నెసోటాలో ఉంటాం. ఈమధ్యే సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్కు తీసుకున్నాం, డ్యూయల్ జోన్ ఆటోమేటిక్, అంటే ముందు రెండు సీట్లకీ వేరువేరు టెంపరేచర్ పెట్టుకోవచ్చు. పొద్దున్నే మంచులో స్టార్ట్ చేసి ఆటోలో 72 (ఇక్కడ ఫారెన్‌హీట్ లెక్క) పెడితే ఐదు నిమిషాల దాకా గాలే రాదు. మా పాత ట్రక్కులో నాబ్ తిప్పితే వెంటనే వచ్చేది. మా ఆయన డీలర్‌తో గొడవ పెట్టుకుంటానంటున్నారు.

జవాబు: ఆయన్ని కాస్త ఆపండమ్మా, అది చెడిపోలేదు, తెలివిగానే ఉంది. హీటర్‌కి వేడి వచ్చేది ఇంజన్ నీళ్ల నుంచి. సున్నా కింద చలిలో ఆ నీళ్లు వేడెక్కడానికి టైము పడుతుంది. మీ పాత ట్రక్కులో వెంటనే వచ్చిన గాలి వేడిగాలి కాదు, వణికించే చల్లగాలి, గుర్తుచేసుకోండి. ఆటోమేటిక్ ఆ గాలిని మీ కాళ్ల మీదకి వదలకుండా నీళ్లు వేడెక్కేదాకా ఫ్యానుని ఆపి ఉంచుతుంది. అద్దం మీద మంచు కరగాలంటే మాత్రం ఆటో కోసం చూడకుండా ముందు అద్దం డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి.

అక్కడి ట్రక్కుల్లో కూడా లెక్క ఇక్కడి లాంటిదే. పనికి వాడే కింది ట్రిమ్‌లలో, అంటే వేరియంట్లలో, మాన్యువల్, ఉదాహరణకి ఫోర్డ్ ఎఫ్-150లో ఎక్స్‌ఎల్, లారియట్ లాంటి పై ట్రిమ్‌లకి వెళ్తే డ్యూయల్ జోన్. మీ ఆయనకి 68, మీకు 76 అయితే అది తప్ప వేరే దారి లేదు. గాలి మధ్యలో కలిసిపోయి ఇద్దరికీ కొంచెం అటూ ఇటూగా వస్తుందనుకోండి, కానీ గొడవ తగ్గుతుంది.

సెకండ్ హ్యాండ్ ట్రక్కు కాబట్టి ఒకటి గమనించండి. స్టార్ట్ చేసినప్పుడో టెంపరేచర్ మార్చినప్పుడో డ్యాష్‌బోర్డు వెనక టక్ టక్ టక్ అని చప్పుడు వస్తుంటే, పైన చెప్పిన తలుపుని జరిపే మోటారులో ప్లాస్టిక్ పళ్ల చక్రం అరిగిందని అర్థం. ఒక పక్క వేడి, ఇంకో పక్క చల్లగా వచ్చినా చాలాసార్లు దొంగ అదే. ఆ మోటారు పెద్ద ఖరీదు కాదు, అది ఉన్న చోటు దగ్గరికి చెయ్యి పోవాలంటే మాత్రం కొన్ని ట్రక్కుల్లో సగం డ్యాష్‌బోర్డు విప్పాలి, కూలీ అక్కడ పడుతుంది. కేబుల్‌తో నడిచే పాతకాలం మాన్యువల్‌కి ఈ బాధ లేదు. ఇప్పటి మాన్యువల్ బండ్లలో కూడా చాలావాటికి నాబ్ వెనక మోటారే ఉంటోంది లెండి.

ప్రశ్న: అన్నా, మాది కొత్తగూడెం. నా డబుల్ క్యాబ్‌లో ఆటో ఏసీ. మొదట్లో బాగుండె, ఇప్పుడు మిట్ట మధ్యాహ్నం కూడా ఫ్యాను మెల్లగ తిరుగుతది, 20కి దించితే తప్ప చల్లగ కాదు. రెండుసార్లు గ్యాస్ కొట్టించిన. డబ్బులు పోయినయ్ గాని ఫరక్ లేదు.

జవాబు: రెండోసారి కొట్టించకుండా ఉండాల్సింది తమ్ముడూ. ఏసీ గ్యాస్ డీజిల్ లాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉండాలి, లీకు పట్టుకోకుండా గ్యాస్ కొట్టేవాడి దగ్గరికి మళ్లీ వెళ్లకు. నీ కేసులో 20కి దించితే చల్లబడుతోందంటే గ్యాస్ బాగానే ఉంది, లెక్క తప్పుతోంది సెన్సర్.

నువ్వు పంపిన ఫొటో చూశాను. డ్యాష్‌బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా బొచ్చు మ్యాట్, దాని మీద ఆంజనేయస్వామి, పక్కన టిష్యూ డబ్బా. ఎండ సెన్సర్ అద్దం కింద బొత్తాం అంత నల్లగా ఉంటుంది, అది ఆ మ్యాట్ కింద పడింది. దానికి ఎప్పుడూ సాయంత్రమే అనిపిస్తోంది, అందుకే ఫ్యాను తగ్గించేస్తోంది. మ్యాట్‌కి ఆ చోట రూపాయి బిళ్లంత రంధ్రం కోసుకో, స్వామిని జానెడు పక్కకి జరుపు. స్టీరింగ్ దగ్గర చిన్న జాలీ ఉంటే, దాని వెనకే లోపలి వేడి చూసే సెన్సర్ ఉంటుంది, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులుపు, నీళ్లు కొట్టకు. మీ వైపు బొగ్గు ధూళి కదా, గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ కూడా ఒకసారి తీసి చూడు. ఇవన్నీ అయ్యాక కూడా అలాగే ఉంటే రాయి, అప్పుడు మోటారు సంగతి చూద్దాం.