పాదాలంటే ఇంత ఇష్టం... ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 29. పెళ్లయి ఏడాదైంది. నా భార్య ముఖం కన్నా ముందు ఆమె పాదాలే నా కంట పడతాయి. వాటిని తాకినప్పుడు కలిగినంత కోరిక మరెలానూ కలగదు. ఆమెకు చెప్పాలంటే సిగ్గు. ఇది మానసిక జబ్బా? మందులతో పోతుందా?

జవాబు: జబ్బు కాదు. మందులు అక్కరలేదు. కళ్లను చూసి మనసు పారేసుకుంటే కవిత్వమని, పాదాలను చూసి పారేసుకుంటే రోగమని అనుకోవడం అన్యాయం. అందం ఎక్కడ కనిపించాలో ఎవరూ నిర్ణయించుకుని పుట్టరు.

ఈ తప్పు ఒకప్పుడు వైద్యులూ చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత వ్యాధుల జాబితాలో ఫెటిషిజం (ఒక వస్తువుపైనో, పాదాల వంటి శరీర భాగంపైనో కలిగే లైంగిక ఆకర్షణ) ఒక రుగ్మత. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త జాబితా ఐసీడీ-11లో ఆ పేరు తీసేశారు. మానసిక వైద్యులు రుగ్మతలను గుర్తించడానికి వాడే డీఎస్ఎం-5 (2013) అనే పుస్తకం కూడా ఆకర్షణ ఉన్నంత మాత్రాన రుగ్మత అనదు. అది కనీసం 6 నెలలుగా ఉండి, మనిషిని తీవ్రంగా బాధపెడితేనో, పనినీ సంబంధాలనూ దెబ్బతీస్తేనో చికిత్స గురించి ఆలోచిస్తాం. మీరు పడుతున్న బాధ దాచిపెట్టడం వల్ల వచ్చినది.

మీరు ఒంటరి కూడా కాదు. ఇటలీ పరిశోధకులు ఇలాంటి ఇష్టాలున్నవారి ఆన్‌లైన్ బృందాలను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శరీర భాగాలపై ఆకర్షణ ఉన్నవారిలో 47 శాతం మంది పాదాలవైపే మొగ్గారు. ఎందుకిలా? మెదడులో స్పర్శను గుర్తించే పొరలో పాదాల చోటు, జననాంగాల చోటు పక్కపక్కనే ఉంటాయని, ఆ పొరుగుతనమే కారణం కావచ్చని నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ఊహించారు. ఇంకా రుజువు కాలేదు.

ఇక అసలు సంగతి, మీ భార్యకు చెప్పడం. పడకగదిలో, కోరిక కలిగిన క్షణంలో చెప్పకండి. ఇద్దరూ తీరికగా ఉన్నప్పుడు, "నీ పాదాలు నాకు చాలా అందంగా కనిపిస్తాయి" అని మొదలుపెట్టండి. ఆ మాట నిజం కాబట్టి తడబడినా ఫరవాలేదు. ఆమెకు చక్కిలిగింత ఉండవచ్చు, పగిలిన మడమలు చూపించడం ఇష్టం లేకపోవచ్చు, ఆలోచించుకోవడానికి సమయం కావాలనవచ్చు. వద్దంటే అక్కడే ఆగండి, బతిమాలకండి. ఒక్క జాగ్రత్త: ఆమె పాదాలను మెచ్చుకుంటూ ఆమెను మరచిపోకండి. తాను మొత్తంగా మీకు ఇష్టమని ఆమెకు తెలియాలి. ఇతరుల పాదాలను అదే పనిగా చూడటం, వారికి తెలియకుండా ఫొటోలు తీయడం మాత్రం ఎంతమాత్రం తగదు. మనసు అటు లాగి, ఆపుకోలేకపోతే సైకియాట్రిస్టును కలవండి. పాదాల ఊసు లేకుండా ఆమెతో దగ్గర కావడమే అసాధ్యమైతే ఇద్దరూ కలిసి సెక్సాలజిస్టు దగ్గరకు వెళ్లండి.

శుభ్రత విషయం చాలామంది అడగరు, నేనే చెబుతున్నాను. వేళ్ల సందుల్లో దురద, తెల్లగా నానినట్లు చర్మం ఊడటం కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. పాదాల నుంచి గజ్జలకు పాకి తామరగా మారగలదు. అలాంటప్పుడు తగ్గేవరకు పాదాలను శృంగారానికి దూరంగా ఉంచి, డాక్టరు రాసిన పూత మందును చెప్పినన్ని రోజులూ వాడాలి. దురద పోగానే ఆపేస్తే ఫంగస్ మళ్లీ వస్తుంది.